ఎవరిస్తో చెవి, నా చీపురు కర్ర

మా లుయానో వీధిలో ఏ వస్తువైనా ఆరుబయట వదిలి కునుకు తీశామా, లేచేసరికి అది ఎవడో ఒకడి కారులో ఉంటుంది. మా కార్లన్నీ మా అమ్మల వయసువి. వాటికి కావలసిన సామాను హవానా మొత్తం గాలించినా దొరకదు, కాబట్టి దొరికినదాంతోనే బండి నడవాలి. ఒకడి బండిలో పడవ పంపు ఉంటుంది, ఇంకొకడి దాంట్లో కుట్టుమిషను స్ప్రింగు ఉంటుంది. అందుకే కిటికీలో కాఫీ అమ్ముకునే నేను, ఒబ్దూలియాని, చెంచాలు కూడా లోపలే దాచుకుంటాను. అయినా పోయిన ఆదివారం నా చీపురుకి కర్ర లేకుండా పోయింది.

శనివారం మధ్యాహ్నానికి ఆ కర్ర దొరికింది. దాని ఒక కొస జెనైదా కారు ఇంజిన్ మీద ఉంది, రెండో కొస మా వీధి బండ్లు బాగుచేసే ఎవరిస్తో చెవికి ఆనించి ఉంది.

"ష్... ఎవరూ మాట్లాడకండి," అన్నాడు ఎవరిస్తో కళ్లు మూసుకుని. పొద్దుట్నుంచీ అక్కడ మాట్లాడుతున్నది అతనొక్కడే.

ఆ కారు జెనైదా వాళ్ల నాన్నది. పైన అమెరికా వొళ్లు, లోపల ట్రాక్టరు ఇంజిన్, కప్పు తెరుచుకుంటుంది. జెనైదా కూతురు యుస్లేనీకి ఆ రోజు పదిహేనేళ్లు నిండాయి. పదిహేను నిండిన పిల్ల గౌను వేసుకుని, కప్పు లేని కారులో వెనక ఎత్తుగా కూర్చుని సముద్రం ఒడ్డున ఊరేగకపోతే మా దగ్గర ఆ పిల్లకి పండగే కాదు. తాత బతికుండగా, "నా కారులో నేనే తిప్పుతానే తల్లీ," అని మాటిచ్చాడు. పోయినేడు ఆయన పోయాడు. పిల్లేమో ఎక్కితే తాత కారే ఎక్కుతాను, అద్దె కారు తెస్తే గౌను విప్పేస్తాను అని కూర్చుంది. సాయంత్రం ఎండ చల్లబడగానే బయల్దేరాలి. సరిగ్గా ఆ పొద్దున్నే ఇంజిన్‌లో చప్పుడు మొదలైంది. టక్. టక్ టక్. టక్.

మెల్లగా నడుస్తుంటే టక్ టక్ అంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే మాయం. మళ్లీ వదిలితే మళ్లీ టక్. జెనైదా ఫ్యాను చూసింది, బెల్టు చూసింది, పైనున్న బోల్టులన్నీ బిగించింది. ఏమీ తేలలేదు. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ పగిలిపోతే ఊరేగింపే కాదు, రేపట్నుంచి ఇంటికి తిండి పెట్టే బండే ఉండదు. ఆ భయంతో ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

"ఎవరిస్తో అన్నా, నువ్వు ఆదివారం బాగుచేశావు కదా, ఆ కింది వైపు ఒకసారి చూద్దామా?" అంది.

"అక్కడ మాత్రం చెయ్యి పెట్టకు! నేను బాగుచేసిన చోట మళ్లీ చూడ్డమంటే నన్ను అవమానించడమే." ఎవరిస్తో చెవి దగ్గర్నుంచి కర్ర తీసి, పార్టీకని వేసుకొచ్చిన తెల్ల బూట్లకి మసి అంటకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈ బూట్లు చూశారా? మడమకి లారీ టైరు కోయించి కొట్టించా. లారీ అరగదీయలేని రబ్బరు, నేనేం అరగదీస్తాను?"

"బూట్ల సంగతి తర్వాత, చప్పుడు సంగతి చెప్పు," అన్నాడు అనిసేతో. అనిసేతో మా వీధి మంగలి. వాళ్ల నాన్న ఎముకతో చెక్కి ఇచ్చిన డొమినో బిళ్లలు అతని ప్రాణం. ఆదివారం నుంచీ వాటిలో జోడు తొమ్మిది, అంటే రెండు సగాల్లోనూ తొమ్మిదేసి చుక్కలున్నది, కనబడటం లేదు. అన్నిట్లోకీ బరువైన బిళ్ల అది, దాన్ని మేం శవపేటిక అంటాం. దాని బదులు సబ్బు ముక్క కోసి ఆడబోతే ఎండకి చేతిలోనే కరిగింది. ఆట లేదు, అనిసేతోకి నిద్ర లేదు, వీధిలో ప్రతివాణ్ణీ దొంగని చూసినట్టు చూస్తున్నాడు. ఆట ఉంటే ఆ రోజు ఎవరిస్తో కోతలు వినే ఖర్మ మాకు ఉండేది కాదు.

ఎవరిస్తో నా కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఇక అంతే.

"ఇదీ ఒక చప్పుడేనా జెనైదా? చప్పుడంటే మతాంజాస్ ఊరి నుంచి వచ్చే బాసిలియో బండిది. నేను పొద్దున్నే పళ్లు తోముకుంటున్నా. బండి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు. నోట్లో బ్రష్షుతోనే మా ఆవిడతో అన్నా, 'ఎడమ వైపు, వెనక, బోల్టు ఒకటి వదులైంది' అని. బండి వచ్చి ఆగింది. స్పానరు పెట్టా. బోల్టు గిర్రున తిరిగింది. అంతే, అంతకన్నా ఏం లేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా."

"మాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందిలే," అన్నాను, కాఫీ చేతికిస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చప్పుళ్లు ఉల్లిపాయ పొరల్లాంటివి ఒబ్దూలియా పిన్నీ. ఒకటి తీస్తే దాని కింద ఇంకోటి ఉంటుంది. బోల్టు చప్పుడు పోగానే లోపల సన్నగా ఈల వినిపించింది. కర్ర పెట్టి విన్నా. గాలి పీల్చుకునే గొట్టానికి చిల్లు. రేకు ఉందా? లేదు. చేతికి ఏది దొరికితే అది, అదీ నా విద్య! మా ఆవిడ దువ్వెన కనబడింది, విరిచి లోపల పెట్టా. పెట్టి స్టార్ట్ చేస్తే బాబోయ్, ఆ దువ్వెన పళ్లలోంచి గాలి పోతుంటే ఇంజిన్ బాకా ఊదినట్టు పాట అందుకుంది! వీధి వీధంతా బయటికొచ్చి డాన్సు. మంచం మీంచి లేవని ముసలమ్మ కూడా నాతో నాలుగు చుట్లు తిరిగింది. బాసిలియో ఆ రోజు నుంచీ హారన్ కొట్టడం మానేశాడు, బండి వస్తుంటే జనం జంటలుగా పక్కకి జరిగిపోతారు."

"మీ ఆవిడ జుట్టు ఎందుకలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది," అన్నాను.

జెనైదా బండి మళ్లీ స్టార్ట్ చేసింది. టక్. టక్ టక్. అనిసేతో తల ఒక పక్కకి వంచాడు.

"ఈ చప్పుడు నేనెక్కడో విన్నాను బావా."

"వినుంటావు, అన్ని బండ్లూ ఇలాగే అరుస్తాయి. అసలు కథ విను. పాట ఆగాక, దాని కింద పొరలో ఒక గురక. ఇంజిన్ ఆపేశా. గురక ఆగలేదు! అంటే అది బండిలోది కాదు. మరెక్కడిది? కర్ర తీసి నేల మీద ఆనించా. ముందు నీళ్ల గొట్టం వినపడింది. దాని అవతల రొట్టెల బట్టీలో పిండి కలిపే మిషను, దాని బెల్టు జారుతోంది, వెంటనే మనిషిని పంపి చెప్పించా. దాని అవతల రేవు. రేవులో ఓడ! ఓడ ఇంజిన్ వినపడుతోంది, నేనేమో ఇక్కడ, ఈ బల్ల దగ్గర!"

"ఈ బల్ల దగ్గరా?" అన్నాడు అనిసేతో.

"ఇదే బల్ల. ఆ ఓడ ఇంజిన్ ధన్ ధన్ అనాలి కదా, ధన్ ధన్... ధన్ అంటోంది. ఒక దెబ్బ ఎక్కువ. పరిగెత్తుకుంటూ రేవుకి వెళ్లా. నార్వే కెప్టెను, ఈతచెట్టంత మనిషి, ఓడ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. 'అయ్యా, నూనె రెట్టింపు తాగుతోంది, ఓడ ఒక పక్కకే పోతోంది, ఏ దేశపు ఇంజినీరుకీ అంతు చిక్కలేదు' అన్నాడు."

"నార్వే భాషలోనా?"

"ఏడుపు ఏ భాషలోనైనా ఒకటేనయ్యా! నన్ను ఇంజిన్ గదిలోకి తీసుకెళ్లాడు. గదా అది? మన చర్చి అందులో పట్టి, ఇంకా గంట మోగించడానికి చోటు మిగులుతుంది. కర్ర పెట్టా..."

"నా కర్రేనా?" అన్నాను.

"మధ్యలో రాకు పిన్నీ. కర్ర పెట్టా. ఇంజిన్ బంగారం. ఒక్క లోపం లేదు. మరి ఆ ఎక్కువ దెబ్బ ఎక్కడిది? కర్ర తీసి ఓడ గోడకి ఆనించా. బయట! నీళ్లలో! ఏమిటో చెప్పుకోండి చూద్దాం."

నిజం చెప్పొద్దూ, తెలుసుకోవాలని నాకూ ఉబలాటంగానే ఉంది. జెనైదా కూడా స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తిమింగలం!" ఎవరిస్తో బల్ల మీద గుద్దాడు. "ఓడ ఇంజిన్ ధన్ ధన్ అంటుంటే ఆ పిచ్చి తల్లి తనని మగ తిమింగలం పిలుస్తోందనుకుంది. నార్వే నుంచీ వెంటపడి వస్తోంది. ఓడ ధన్ ధన్ అంటే ఇది ధన్ అని బదులు చెబుతోంది. పైగా ప్రేమ ముదిరి ఓడ మీదకి ఒరిగి పడుకుంటోంది. ఓడ ఒక పక్కకి పోక ఏం చేస్తుంది? నూనె రెట్టింపు తాగక ఏం చేస్తుంది?"

"అన్నా," అంది జెనైదా మెల్లగా, "ఎండ గోడ దిగిపోతోంది."

పైన మేడ మీంచి యుస్లేనీ తొంగి చూసింది. తల నిండా జుట్టు చుట్టలు, ఒంటి మీద లేతనీలం గౌను. "అమ్మా, తాత కారు పాడైపోయిందా?" అని అడిగింది. ఆ గొంతు వింటే నాకు కాఫీ కుండ పక్కన పెట్టేయాలనిపించింది.

"పాడైపోవడమేంటే! మీ ఎవరిస్తో మామయ్య ఉండగా!" అని అరిచి, ఎవరిస్తో మళ్లీ మా వైపు తిరిగాడు. కనీసం లేచి నిలబడనైనా లేదు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిమింగలాన్ని కొట్టకూడదు, తిట్టకూడదు. మర్యాదగా చెప్పాలి. కొబ్బరి చిప్ప సగం పగలగొట్టి పంపు కింద ఇరికించా. చేతికి ఏది దొరికితే అది! దాంతో ఇంజిన్ మాట మారింది. ధన్ ధన్ పోయి, ధన ధన్ ధన అయింది. తిమింగలాల భాషలో దానర్థం, 'నాకు పెళ్లయిందమ్మా, నన్ను మర్చిపో' అని."

"నీకు ఆ భాష ఎవరు నేర్పారు?"

"ఓడ దగ్గర అప్పటిదాకా విన్నదేమిటి మరి? చెవి ఉన్నవాడికి ఎంతసేపు పడుతుంది? పాపం అది విని ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ ఏడు సముద్రం ఒడ్డునున్న మలెకోన్ గోడ దాటి వీధుల్లోకి వచ్చింది గుర్తుందా? తుపాను అని చెప్పారు రేడియోలో. తుపానూ కాదు నా మొహమూ కాదు. నిట్టూర్పు!"

"మా చెల్లెలి మంచం కొట్టుకుపోయింది ఆ నిట్టూర్పులో," అన్నాను కోపంగా.

"ప్రేమ పిన్నీ, ఏం చేస్తాం." ఎవరిస్తో రెండో కప్పు కోసం చెయ్యి చాపాడు. ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను. "సరే, తిమింగలం వెళ్లిపోయింది. ఇక చప్పుడే లేదనుకున్నా. ఉంది! ఆఖరి పొర! కర్ర నీళ్లలోకి దించి సముద్రం అడుగుకి ఆనించా..."

"నా చీపురు కర్రని?"

"...ఆనిస్తే, కిర్ర్... కిర్ర్... కింద నుంచి. ఎంత కిందనుకున్నారు? భూమి ఇరుసు! భూమి తిరుగుతోంది కదా, అది కూర్చునే చోట ఒక వైపు అరిగిపోయింది. అదీ ఇంజిన్ లాంటిదేగా, ఊగుతోంది. నడివేసవిలో వానలెందుకు, చెరకు వంకరగా ఎందుకు పెరుగుతోంది, మనింట్లో గ్లాసులు వాటంతటవే ఎందుకు జరుగుతాయి? అన్నీ అందుకే. అలాగే వదిలేస్తే మనమందరం క్యూబాతో సహా ఎక్కడో జారిపడేవాళ్లం. కింద ఒక గట్టి ముక్క పెట్టాలి. అప్పుడు..."

టక్. టక్ టక్. జెనైదా ఇంజిన్ ఆపకుండా అలాగే వదిలేసింది. అనిసేతో ఇప్పుడు కథ వినడం లేదు. కళ్లు చిన్నవి చేసుకుని కారునే చూస్తున్నాడు.

"అప్పుడు ఏం పెట్టావు బావా?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

"అదీ ప్రశ్న! చెక్క పెడితే నలిగిపోతుంది, ఇనుము పెడితే జారిపోతుంది. అందుకు తగిన ముక్క ఏ ఫ్యాక్టరీలోనూ తయారవదు. కానీ నా కంటికి దొరుకుతుంది! మొన్న ఆదివారం జెనైదా బండికీ అంతేగా? ఇంజిన్ ఆనుకుని కూర్చునే రబ్బరు చిరిగి, బండి మొత్తం వణుకుతోంది. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేను ఇలా చూశా. ఎంత చక్కని ముక్క! రాయిలా గట్టిది, సబ్బులా నునుపు, ఆ సందుకి కొలిచి చేసినట్టు మందం. అలా వంగి ఇదిగో, ఈ బల్ల కిందే..."

అక్కడ ఆగిపోయాడు. కాఫీ కప్పు పెదవుల దగ్గరే ఉండిపోయింది. ఎవరిస్తో మాట మధ్యలో ఆగడం నేను పుట్టాక అదే మొదటిసారి.

అనిసేతో లేచాడు. కారు దగ్గరికి వెళ్లి కర్రా గిర్రా ఏం లేకుండా ఉత్త చెవితో వంగి విన్నాడు. టక్. టక్ టక్. మా వీధిలో ఎన్ని వేల సాయంత్రాలు ఆ ఎముక ముక్క బల్ల మీద అలా పడటం మేం వినలేదు!

"అది నా శవపేటిక," అన్నాడు. "మా నాన్న చెయ్యి అది. ఎక్కడ విన్నా గుర్తుపడతాను."

జెనైదా ఇంజిన్ ఆపి, జాకీ పెట్టి ఇంజిన్‌ని కొద్దిగా లేపి, ఎవరిస్తో చెయ్యి పెట్టొద్దన్న చోటే చెయ్యి పెట్టింది. మోచేతి దాకా మసితో ఆ చెయ్యి బయటికి వచ్చింది. అరచేతిలో నల్లగా నూనె కారుతున్న బిళ్ల. ఆదివారం ఇరికించిన ముక్క వారమంతా ఊగి ఊగి సగం జారి బయటికొచ్చింది. ఇంజిన్ మెల్లగా ఊగినప్పుడల్లా దాని కొస పక్కనున్న నూనె తొట్టిని కొడుతోంది. అంతే. తిమింగలాలూ లేవు, భూమి ఇరుసూ లేదు.

అనిసేతో దాన్ని తన చొక్కా అంచుతో తుడిచాడు. తొమ్మిది చుక్కలు ఒక పక్క, తొమ్మిది చుక్కలు ఇంకో పక్క బయటపడ్డాయి. ఒక మూల చిన్న పెచ్చు ఊడింది. ఆ పెచ్చు ఊడిన చోట బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. అతని కళ్లలో నీళ్లు చూసి నాకు ఎవరిస్తోని ఆ కర్రతోనే నాలుగు బాదాలనిపించింది.

"వెనక వైపు చుక్కలున్నాయని నాకు కనబడలేదు బావా," అన్నాడు ఎవరిస్తో. "కింద పడేసి ఉంది. ఏదో ఒక ముక్క అనుకున్నా."

"చెవి ఓడ దాకా పోతుంది గానీ, కన్ను బిళ్ల దాకా పోలేదన్నమాట," అన్నాను.

"చప్పుడు ఏమిటో తెలిసిందిగా," అంది జెనైదా. "ఇప్పుడు ఆ సందులో ఏం పెట్టను? ఖాళీగా వదిలితే వీధి చివరికి వెళ్లేలోపు ఇంజిన్ ఊగి ఊగి ఏదో ఒకటి విరుగుతుంది. పిల్ల ముస్తాబైపోయింది."

అనిసేతో చేతిలో బిళ్లని చూసుకున్నాడు. ఒక్క క్షణం, మళ్లీ దాన్నే ఇచ్చేస్తాడేమోనని నాకు భయం వేసింది. ఇచ్చేసే మనిషే. పైన మేడ వైపు చూశాడు, చేతిలోకి చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. అక్కడ ఎవరిస్తో తెల్ల బూట్లు తళతళలాడుతున్నాయి.

"బూటు విప్పు బావా," అన్నాడు.

"ఏంటీ?"

"ఎడమది. లారీ టైరు మడమ. రాయిలా గట్టిది, ఆ సందుకి కొలిచి చేసినట్టు మందం. పైగా అక్కడ ఉండాల్సింది రబ్బరేగా."

"ఇవి పార్టీకని ప్రత్యేకంగా..."

"చేతికి ఏది దొరికితే అది," అన్నాను నేను. "అదీ నీ విద్య."

ఎవరిస్తో నా వైపు చూశాడు, జెనైదా వైపు చూశాడు. ఆఖరికి మేడ మీద, రెయిలింగు పట్టుకుని వంగిన ఆ పిల్ల వైపు చూశాడు. బల్ల మీద కూర్చుని మారు మాట్లాడకుండా లేసు విప్పాడు. ఆ ఒక్క పనికి నేనతన్ని సగం క్షమించేశాను.

మడమ ఊడదీయడానికి నా కూరగాయల కత్తి ఇచ్చాను. జెనైదా ఆ ముక్కకి రెండు చిల్లులు పెట్టి, తీగతో కట్టి, జారకుండా బిగించింది. జాకీ దించి స్టార్ట్ చేసింది. మేమందరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఇంజిన్ ఒళ్లో కూర్చున్న పిల్లిలా గురగురమంది. ఇంకే చప్పుడూ లేదు.

ఎండ ఎర్రబడేసరికి యుస్లేనీ తాత కారు వెనక ఎత్తున కూర్చుని, గౌను కుచ్చిళ్లు రెండు పక్కలా వేలాడేసుకుని, మా వీధి దాటి సముద్రం వైపు వెళ్లింది. స్టీరింగు దగ్గర జెనైదా, మోచేతి దాకా మసితోనే, నవ్వుతూ ఏడుస్తోంది. అనిసేతో టోపీ తీసి ఊపాడు. మసి పట్టిన చొక్కా మార్చుకుని వస్తానని ఎవరిస్తో వీధి మలుపు తిరిగి ఇంటికెళ్లాడు. నేను నా కర్ర తెచ్చుకుని చీపురుకి మేకు కొట్టి మరీ బిగించాను.

పార్టీకి కారు తిరిగొచ్చేలోపు ఒక ఆట వేద్దామని కిటికీ కింద బల్ల మీద బిళ్లలు పరిచారు. ఇన్నాళ్లకి మళ్లీ శవపేటిక బల్ల మీద పడింది. దాని దెబ్బకి నా కప్పులు గలగలలాడాయి. అంతలో అనిసేతో చెయ్యి పైకెత్తాడు.

"ష్... ఎవరూ మాట్లాడకండి."

మలుపు అవతల రాళ్ల మీద ఏదో వినిపిస్తోంది. టక్. కాసేపాగి, టక్.

"ఎడమ వైపు, వెనక," అన్నాడు అనిసేతో కళ్లు మూసుకుని. "మేకు ఒకటి బయటికొచ్చింది. మనిషి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు, చూడండి."

తెల్ల బూట్లు కుంటుకుంటూ మలుపు తిరిగాయి.